లాభం, రెండు, మూడు

నేల కిందికి దిగిన 41వ సంవత్సరం, జూన్ 3, సోమవారం

బియ్యం ఆరు గిద్దలు. నీళ్ళు నాలుగు బిందెలు, వరసలో నలభై నిమిషాలు. గాలి జల్లెడ విప్పి దులపడం ఒకసారి. బట్టలు పదకొండు. గోడల మసి తుడవడం రెండు గోడలు, మిగతా రెండు రేపు. గోడకు చెవి బిగించడం ఒకటి. ఈ చివరిది నా పని కాదు, నడవడి కేంద్రం వాళ్ళది. కాని వాళ్ళు రాల్చిన సున్నం ఊడ్చింది నేను కాబట్టి నా లెక్కలోనే రాసుకున్నాను.

చెవి అంటే అరచేయంత బిళ్ల. దానికి దీపం లేదు, మాట లేదు. వింటుంది, విన్నది కేంద్రానికి పంపుతుంది. మా ఆయన ఓదెలు ఇంట్లో అంకె ఆడితే దానికి తెలుస్తుందట. తెలిసినప్పుడల్లా కేంద్రంలో ఆయన పేరు పక్కన ఒక ఎర్రచుక్క పడుతుంది. అరవై రోజుల్లో చుక్కలు ముప్పై నిండకుండా ఉంటే మళ్ళీ ఆయన పనిలోకి, వాడలకు గాలి పంపే ఫ్యాను దగ్గరికి, పంపిస్తారు. ముప్పై నిండితే పై వార్డు. పై వార్డు అంటే నేల మీద, ఆ ఎండలో, కిటికీలు లేని గదుల్లో ఆరు నెలలు. పోయినవాళ్ళు తిరిగొచ్చారు గాని వాళ్ళ ఉద్యోగాలు తిరిగి రాలేదు.

అంకె గురించి రాయాలంటేనే నాకు సిగ్గుగా ఉంది. మేముండే ఈ బావి నోటి దగ్గర పైన ఎండ ఎంతో చూపే యంత్రం ఉంది. అర నిమిషానికోసారి దాని లెక్క మారుతుంది. ఆ లెక్కలో చివరి అంకె ఏదో ముందే చెప్పాలి. సరిగ్గా చెబితే మణికట్టుకు కట్టుకున్న పట్టీ వణికి, ఆడగొంతుతో "లాభం!" అంటుంది. అంతే. గెలిస్తే ఏమిస్తారని అడిగాను. ఏమీ ఇవ్వరట. ఓడితే ఏం పోతుందని అడిగాను. ఏమీ పోదట. ఏమీ రానిదాని కోసం, ఏమీ పోనిదాని కోసం, నలభై తొమ్మిదేళ్ళ మనిషి రోజుకు ఆరువందల సార్లు చెయ్యి ఎత్తి చూసుకున్నాడు.

ఏమీ పోదన్నది అబద్ధం. ఏప్రిల్‌లో రెండో నంబరు ఫ్యాను బెల్టు జారితే పదకొండు నిమిషాల వరకు ఆయనకు వినపడలేదు. పందొమ్మిదేళ్ళు ఆ ఫ్యాను దగ్గుతుందో తుమ్ముతుందో నిద్రలో కూడా చెప్పిన మనిషికి! చివరి వాడలో నలుగురు స్పృహ తప్పారు. బతికారు కాబట్టి ఆయన జైల్లో కాక మా ఇంట్లో ఉన్నాడు.

కేంద్రం నుంచి హిమజ అనే అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో కాగితాల కట్ట.

"ఇది రోగం కనకవ్వ గారూ. కల్లుకు, సారాకు అలవాటు పడినట్టే మెదడు ఒక పనికి కూడా అలవాటు పడుతుంది. ఆయన చెడ్డవారు కారు."

"చెడ్డోడని నేనన్ననా? తెలివి తక్కువోడన్న."

ఓదెలు తల వంచుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఆయనకు ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. ఆడాలని చెయ్యి లాగినప్పుడల్లా టైము రాసి, పది నిమిషాలు ఆగాలట. నాకు కాగితాల కట్ట ఇచ్చింది. మొదటి పేజీలో "కుటుంబమే మందు" అని ఉంది. నేను మందునట. ఇరవై ఆరేళ్ళు వండిపెట్టి చివరికి ఇది నా హోదా.


జూన్ 6, గురువారం

బియ్యం ఆరు గిద్దలు. నీళ్ళు నాలుగు. జల్లెడ ఒకటి. కుటుంబాల సభ ఒకటి, గంటన్నర దండగ.

సభలో పదకొండు కుటుంబాలు. ఒకాయన లిఫ్టు బటన్ నొక్కకుండా ఉండలేడట. ఒకామె తన ఇంటి తలుపునే చేతిపట్టీలో రోజంతా చూసుకుంటుందట, ఇంట్లోనే కూర్చుని. ఒక పంతులుగారు తన గురించి ఎవరేమన్నారో అని నిమిషానికోసారి వెతుక్కుంటాడు. ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆయన బాధ. ఒక్కొక్కరు లేచి తమ ఘనకార్యం చెబుతుంటే మిగతావాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. మా కాలంలో ఇలాంటివి దాచుకునేవాళ్ళు.

హిమజ బోర్డు మీద వంకర గీత గీసింది. "కోరిక అలలాంటిది. లేస్తుంది, ఎత్తుకు పోతుంది, విరిగిపోతుంది. మీరు దానితో కొట్లాడకండి. ఆగి చూడండి."

వెనక నుంచి ఎవరో అడిగారు. "అల అంటే ఏంది మేడం?"

పుట్టి బుద్ధెరిగాక నేల మీద నిలబడనివాళ్ళకు సముద్రం గురించి చెబుతోంది. ఆ పిల్ల కూడా చూసి ఉండదు. తడబడింది. అప్పుడు ఓదెలు, సభలో మొదటిసారి, నోరు విప్పాడు.

"మోటారు లెక్కన మేడం. స్విచ్చి ఏసినంక ఒక్కపారి గట్టిగ గుంజుతది. కాలిపోతదా ఏంది అనిపిస్తది. జెర ఆగితే సర్దుకుంటది."

"అదే! సరిగ్గా అదే!" అంది హిమజ. చప్పట్లు. ఓదెలు ముఖం కాస్త వెలిగింది. నాకు ఒళ్ళు మండింది. ఫ్యాను ముంచినవాడు ఫ్యాను పేరు చెప్పి మెప్పు పొందుతున్నాడు.

చివర్లో చుక్కల కాగితం ఇచ్చారు. వారం మొత్తం మాత్రమే రాస్తారు. ఓదెలు: మూడు.

ఇంటికొచ్చే దారిలో అడిగాను. "మూడు రోజుల్ల మూడు. రోజుకొకటి ముద్దగ తింటున్నవా?"

"ఆడలేదే. ఒట్టు."

"మరి చెవికేమైనా నీ మీద పగనా?"

నేల చూస్తూ నడిచాడు. తప్పు చేయనివాడు అలా నేల చూడడు, అనుకున్నాను.


జూన్ 13, గురువారం

బియ్యం ఆరు. నీళ్ళు మూడే, లిఫ్టు చెడింది. ఆయన జేబులు వెతకడం రెండుసార్లు, పరుపు కింద ఒకసారి, చెప్పుల్లో ఒకసారి. దొరికింది: పాత వాషరు ఒకటి.

మొత్తం చుక్కలు: తొమ్మిది.

ఆయన పట్టీని కేంద్రం వాళ్ళు మొదటే తీసి పెట్టుకున్నారు. ఇంకొకటి ఎక్కడ దాచాడో తెలియలేదు. పక్కింటి లింగవ్వ వాళ్ళింటికి పోయి కాసేపు కూర్చున్నాను. తన మణికట్టు చూసుకుంటూనే సానుభూతి చెప్పింది.

"మొగోళ్ళకు మనసు గట్టిగ ఉండది వదినె. మనమంటే... ఆగు, నాలుగు... అబ్బ, ఐదు పడె! మనమంటే ఇల్లు సూసుకుంటం, పిల్లల సూసుకుంటం. నాకు జూస్తే అలవాటే లేదు. గిట్ల ఉత్తగ టైంపాసుకు."

నేనున్న అరగంటలో ఆమె చెయ్యి ఎత్తింది నలభై ఒకసార్లు. లెక్కపెట్టాను. ఆమెకు చెవి బిగించలేదు, ఎందుకంటే ఆమె చేతిలో ఫ్యాను లేదు. వంట మాడితే ఎవరూ స్పృహ తప్పరు.


జూన్ 17, సోమవారం

బియ్యం ఆరు, మళ్ళీ ఆరు. పైనున్న మూడో దిగుడు అంతస్తు నుంచి మా తమ్ముడు, మరదలు చెప్పకుండా దిగారు. ఒకసారి కొలిచాక వచ్చారు కాబట్టి మళ్ళీ గిద్ద పట్టాల్సి వచ్చింది.

మరదలు వింతగా చూసింది. "మీరింకా బియ్యం కొలిసి వండుతరా? మేం పొట్లాలే తెచ్చుకుంటం. గా మొదటి గిద్దకు లాభం అంటరెందుకు?"

"మొదటిది ఒకటి అంటే ఒక్కటితోనే ఆగిపోతదని. లాభమని మొదలుపెడితే గింజ నిలుస్తది. మా అమ్మ గట్లనే కొలిచేది, వాళ్ళమ్మ గట్లనే. పైన వడ్లు కొలిచేటప్పుడు కల్లం కల్లమంతా గట్లనే అనేటోళ్ళట."

మరదలు నవ్వింది. పొట్లాం విప్పి తినేవాళ్ళకు గింజ విలువ ఏం తెలుస్తుంది.


జూన్ 20, గురువారం

బియ్యం ఆరు. నీళ్ళు నాలుగు. మాటలు సున్నా.

చుక్కలు పదిహేడు. ఈ వారంలోనే ఎనిమిది. తగ్గడం పోయి పెరుగుతున్నాయి. ఓదెలు మళ్ళీ "ఆడలే" అన్నాడు, కాని ఈసారి ఒట్టు వేయలేదు. నేను అది గమనించాను. నేటి నుంచి ఆయనతో మాట్లాడటం ఆపాను. కంచం పెడతాను, తీస్తాను.

హిమజ పుస్తకంలో ఆయన రోజూ ఏదో రాసుకుంటున్నాడు. నేను ముట్టుకోలేదు. అబద్ధాలు చదివే తీరిక నాకు లేదు.


జూన్ 27, గురువారం

బియ్యం ఆరు. నీళ్ళు నాలుగు. జల్లెడ ఒకటి. పదిమందిలో మొగుడి పరువు తీయడం ఒకటి.

చుక్కలు ఇరవై మూడు. ఈ లెక్కన మరో వారం పది రోజుల్లో ముప్పై. ఫ్యాను దగ్గరకు ఆరో దిగుడు నుంచి ఒకడిని తెచ్చి అప్పుడే పని నేర్పిస్తున్నారని ఓదెలుకు పొద్దున్నే తెలిసింది. అన్నం ముందు అలాగే కూర్చున్నాడు, తినలేదు.

సభలో హిమజ అడిగింది. "కుటుంబం తరఫున ఏమైనా చెబుతారా? నిందించకుండా."

నేను లేచి నిలబడ్డాను. నిందించకుండా ఎలా చెప్పాలో కాగితాల కట్టలో రాసి ఉంది, నేను చదివాను. అయినా ఇలా చెప్పాను:

"ఈయన ఇరవై మూడు సార్లు ఆడిండు, ఇరవై మూడు సార్లు ఆడలేదని నా మొఖం మీద అబద్ధమాడిండు. రోగమంటే నేను ఒప్పుకుంట. రోగానికి నోరుండి అబద్ధాలాడుతదా? మీరు చప్పట్లు కొట్టున్రి."

ఎవరూ కొట్టలేదు. లిఫ్టు బటనాయన కూడా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఓదెలు మెల్లగా అన్నాడు.

"ఆడలే. కని... చెవి తప్పు చెప్తలేదు కావచ్చు."

అదేం మాటో ఎవరికీ అర్థం కాలేదు. నాకు మరీ మండింది. హిమజను నిలదీశాను. "మొత్తం కాదు, ఏ రోజు ఎన్ని గంటలకు ఆడిండో నాకు కావాలె. పట్టీ ఎక్కడ దాస్తుండో నేనే పట్టుకుంట."

"అది కుటుంబాలకు ఇవ్వం అమ్మా. ఇంట్లో గొడవలు పెరుగుతాయని..."

"ఇంకేం మిగిలిందమ్మా పెరగడానికి?"

శనివారం పంపిస్తానంది.


జూన్ 28, శుక్రవారం

బియ్యం లేదు. పొయ్యి వెలిగించలేదు. మెస్సు నుంచి రెండు పొట్లాలు, రుచి కాగితంలా ఉంది. జల్లెడ దులపలేదు. మసి తుడవలేదు. ఇరవై ఆరేళ్ళలో ఇలాంటి పేజీ ఇదొకటే.


జూన్ 29, శనివారం

జొన్నరొట్టెలు ఆరు, శనివారం కాబట్టి. నీళ్ళు నాలుగు. పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడటం మూడు గంటలు.

హిమజ పంపిన టైముల కాగితం వచ్చింది. పట్టీ ఎప్పుడు బయటికి తీస్తున్నాడో తెలుసుకుందామని ఆ పక్కన నా లెక్కల పుస్తకం తెరిచాను. ప్రతి పని ఎన్ని గంటలకో అంచున రాసుకోవడం నాకు అలవాటు. ఆ టైములో నేనెక్కడున్నానో చూడాలి కదా.

4వ తేదీ ఉదయం 5:40. ఆ టైములో నేను ఇంట్లోనే ఉన్నాను, బియ్యం కొలుస్తున్నాను. 5వ తేదీ 5:42. బియ్యం. 6వ తేదీ 5:40. బియ్యం. నా పక్కనే కూర్చుని, నా చేతికి అందేంత దూరంలో ఆడాడా? 7, అదే. 8వ తేదీ ఏమీ లేదు. శనివారం, రొట్టెలు. 15 లేదు, శనివారం. 22 లేదు, శనివారం. నిన్న లేదు. నిన్న పొయ్యే వెలగలేదు. 17వ తేదీ రెండు: 5:41, 6:20. తమ్ముడు వచ్చిన రోజు. ఆరు, మళ్ళీ ఆరు.

నేను ముందు గుడ్డిగా ఇంకో మాట అనుకున్నాను: ఈయన శనివారాలు కూడా పాటిస్తున్నాడా అని. ఆ తర్వాతే నోటితో మెల్లగా నా వరసే చెప్పి చూసుకున్నాను. లాభం, రెండు, మూడు...

పట్టీ అనే మాట. నేను అనే మాట. ఇద్దరమూ విడిగా, ముందు వెనక ఏ కబురూ లేకుండా.

ఇంతవరకు చాలనుకోవచ్చు. కాని లెక్క మొదలుపెట్టాక సగంలో ఆపడం నాకు రాదు. ఓదెలు తలగడ పక్కన ఉన్న ఆ చిన్న పుస్తకం తీశాను. ఆయన చేతిరాత ఫ్యాను రిజిస్టరులో రాసినట్టే ఉంది, టైము, సంగతి, సంతకం.

4వ తేదీ 5:40. గుంజింది. పది నిమిషాలు ఆగిన. 5వ తేదీ 5:42. గుంజింది. ఆగిన. 6వ తేదీ. గుంజింది. ఆగిన. ఇరవై మూడు టైముల్లో ఇరవై రెండు, నిమిషం తేడా లేకుండా, హిమజ కాగితంలోనూ మా రెండు పుస్తకాల్లోనూ ఒకటే.

ఇరవై మూడోది 19వ తేదీ, 11:10. అప్పుడు నేను నీళ్ళ వరసలో ఉన్నాను. ఓదెలు పుస్తకంలో ఆ టైము దగ్గర ఇలా ఉంది: ఆడిన. ఒకటి. లాభం పడ్డది. లింగవ్వ పట్టీ.

సంతకం కూడా పెట్టాడు.


జూన్ 30, ఆదివారం

బియ్యం ఆరు గిద్దలు, నోరు మూసుకుని. కేంద్రానికి సెలవు. ఆయనకు ఇంకా చెప్పలేదు. యంత్రాన్ని నమ్మి ఒకసారి నోరు జారాను, పెద్దాఫీసు ముందు రుజువు కాకుండా మళ్ళీ జారను.

కాని కంచం పెడుతూ "కారం సరిపోయిందా?" అని అడిగాను. ఓదెలు ఉలిక్కిపడి, పొలమారి, నీళ్ళు తాగి, "సరిపోయింది" అన్నాడు. పది రోజుల తర్వాత మొదటి మాట.


జూలై 1, సోమవారం

ఇంటి దగ్గర బియ్యం లేదు. కేంద్రంలో ఆరు గిద్దలు.

గిద్ద, బియ్యం డబ్బా, పుస్తకాలు రెండు, టైముల కాగితం సంచిలో వేసుకుని, ఓదెలును వెంటబెట్టుకుని పోయాను. ఎందుకని ఆయన అడగలేదు. పై వార్డుకు అప్పగించడానికి తీసుకుపోతున్నాననుకున్నాడట, తర్వాత చెప్పాడు. అనుకుని కూడా వెంట నడిచాడు.

కేంద్రం సూపరింటెండెంటు గారు గోడ మీద మూడు ప్రశంసాపత్రాల కింద కూర్చుని ఉన్నాడు. మొత్తం విన్నాడు. విని, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"చూడమ్మా, చెవి తొమ్మిదివేల ఇళ్ళల్లో ఉంది. ఎవరూ ఇలాంటి ఫిర్యాదు చేయలేదు. యంత్రం పొరబడదు. ఇంట్లోవాళ్ళు రోగిని వెనకేసుకొస్తారు, అది మామూలే. దానికి కూడా మా దగ్గర ఒక పేరుంది."

"పేరు తర్వాత పెడ్దురు గని, ఒక చెవి పెట్టున్రి సారు ఈ బల్ల మీద."

హిమజ పెట్టింది. పక్కన తెర. ఓదెలును బయట వరండాలో కూర్చోబెట్టమన్నాను. నేను సూపరింటెండెంటు గారి కాగితాలు పక్కకు జరిపి, పళ్ళెం పెట్టి, డబ్బా మూత తీసి, గిద్ద ముంచాను.

"లాభం."

తెర మీద ఎర్రచుక్క.

"రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు." పళ్ళెంలోది మళ్ళీ డబ్బాలో పోశాను. "లాభం." ఇంకో చుక్క. "మీ పేరేం పెడ్తరు సారు దీనికి? నాకు రోగమా, గిద్దకు రోగమా?"

హిమజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సూపరింటెండెంటు గారు తెరను చూశాడు, బియ్యాన్ని చూశాడు, చివరికి తన ప్రశంసాపత్రాలను చూశాడు.

"అసలు ఈ రోజుల్లో బియ్యం కొలిచేదెవరమ్మా?" అన్నాడు. తప్పు ఇప్పుడు బియ్యానిది.

ఇరవై రెండు చుక్కలు కొట్టేశారు. ఒకటి ఉంచారు. ఆ ఒకటి ఉంచమన్నది ఓదెలు. లోపలికి పిలిచి చెప్పగానే, "19వ తేదీది నాదే" అని తనే అన్నాడు. అంత అమాయకుడు అబద్ధాలాడుతున్నాడని నేను ఇరవై నాలుగు రోజులు నమ్మాను. లాభం తర్వాత రెండు వినపడితే వదిలెయ్యమని చెవికి నేర్పిస్తామన్నారు.

తిరిగొచ్చే దారిలో, నీళ్ళ లిఫ్టు మలుపు దగ్గర, ఆపి అడిగాను.

"ఆడనప్పుడు ఆడలేదని గట్టిగ అరవద్దా? చెవి తప్పు చెప్తలేదన్నవు గద సభల! ఎందుకన్నవు?"

"నాకు గుంజింది నిజమేనాయె. పొద్దుగాల నువ్వు లాభం అన్నవంటే చెయ్యి దానంతట అదే లేస్తది. తొడ కింద పెట్టుకొని కూసుంటుంటి. ఆడకున్నా మనసుల ఆడినట్టే గదా, చెవికి గది గుడ తెలుస్తదనుకున్న."

"ఇరవై ఆరేండ్ల సంది అంటున్న గదా ఆ మాట!"

"పట్టీ గుడ గదే అంటదని నువ్వే మరిచినవ్. నేనెట్ల మరుస్త?"

"మరి నాకు చెప్తే నోరు పడిపోతదా? అనకే అంటే అనకుంటుంటి."

ఓదెలు గోడ వైపు జరిగి దారి ఇచ్చాడు. ఖాళీ బిందెలతో ఇద్దరు ఆడవాళ్ళు మమ్మల్ని దాటి పోయారు.

"మీ అమ్మ మాట గదనే. గిద్ద పట్టుకున్నప్పుడు నువ్వు అచ్చం మీ అమ్మ లెక్కనే ఉంటవ్. నా రోగానికి మీ అమ్మ మాట ఎట్ల ఇడువమంట?"

నేను ఏమీ అనలేదు. అనడానికి ఉండి అనకపోవడం ఈ పుస్తకంలో ఇదే మొదటిసారి.

ఇంటికొచ్చి రాసుకున్నది: ఓదెలుకు బాకీ. పదిమందిలో ఇరవై మూడు అబద్ధాలన్నాను. ఒక్కసారి ఆడాడు. మిగిలింది ఇరవై రెండు.


జూలై 4, గురువారం

బియ్యం ఆరు. నీళ్ళు నాలుగు. సభ ఒకటి.

సభలో లేచి, అన్నమాట వెనక్కి తీసుకున్నాను, ఏ తేదీ ఏ టైమో చదివి మరీ. పంతులుగారు చప్పట్లు మొదలుపెట్టబోతే వద్దన్నాను. ఇంటికొచ్చాక బాకీ కొట్టేయబోయాను.

"గట్ల కాదు" అన్నాడు ఓదెలు. చాలా రోజుల తర్వాత ఆయన కళ్ళల్లో పాత కొంటెతనం కనిపించింది. "ఒక్కపారి నోటితోని అంటే ఇరవై రెండు తీరుతయా? నేను రోజుకొకటి లెక్కన ఆగిన. నువ్వు గుడ రోజుకొకటి తీర్చు."

"ఎట్ల?"

"పొద్దుగాల మొదటి గిద్దకు ఒకటి అను. అన్న రోజు ఒకటి చెల్లు."

"గింతేనా! ఇరవై రెండు పొద్దులు. అండ్ల ఏముంది?"

రెండో తారీఖు నుంచి లెక్క. రెండున, మూడున నా మీద నాకే కోపంతో నోరు మెదపకుండా కొలిచాను, అవి కూడా చెల్లు పడవు, తప్పులేనన్నాడు. నోటితో అనాలట. ఈరోజు అన్నాను. లాభం అని.


జూలై 11, గురువారం

బియ్యం ఆరు. నీళ్ళు నాలుగు. జల్లెడ ఒకటి.

చెల్లు: మూడు. తప్పు: ఆరు.

ఇందులో ఏముంది అన్నాను. ఏముందో రాస్తాను, ఎందుకంటే తప్పు లెక్క రాయడం నా వల్ల కాదు. గిద్ద ముంచేటప్పుడు ఒకటి అనాలని గుర్తుంటుంది. ముంచి పైకెత్తి పళ్ళెం మీదికి తెచ్చేలోపు నోరు తనంతట తానే తెరుచుకుంటుంది. ఆదివారం పెదవి కొరుక్కుని, "ఒక" వరకు అని, "లాభం" అని ముగించాను. ఒకలాభం. ఓదెలు నవ్వి నవ్వి దగ్గాడు.

నిన్న ఆయన వంటింట్లో లేడని, ఒక్కసారి అంటే ఎవరికి తెలుస్తుందని, కావాలనే అన్నాను. మెల్లగా, నాకోసం. అన్నాక ఎంత హాయిగా ఉందో! ఆ హాయి చూస్తే నాకే భయం వేసింది. ఓదెలు తడికె వెనక నుంచి, "ఇన్న" అన్నాడు.

"ఇంటే ఇన్నవ్. ఒక్కపారే గదా."

"నేను గుడ లింగవ్వతోని గదే అన్న."

హిమజ కాగితాల కట్ట మళ్ళీ తీసి చదివాను. జారడం, పడిపోవడం ఒకటి కాదు అని ఒక పేజీ అంతా ఉంది. మొదటిసారి చదివినప్పుడు పక్కన "సాకులు" అని పెన్సిలుతో రాశాను. చెరపలేదు. కింద "చూద్దాం" అని రాశాను.


జూలై 25, గురువారం

బియ్యం ఆరు. నీళ్ళు నాలుగు. సభ ఒకటి.

చెల్లు: పన్నెండు. తప్పు: తొమ్మిది. ఈ వారం ఒక్క తప్పూ లేదు. గిద్ద కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చాను. ఎడమచేతికి మా అమ్మ తెలియదు. ఈ ఉపాయం సభలో చెబితే హిమజ రాసుకుంది. లిఫ్టు బటనాయన తను కూడా ఎడమచేత్తో ప్రయత్నిస్తానన్నాడు. ఆయనకు రెండు చేతులూ పాడవుతాయని నా అనుమానం.

ఓదెలు చుక్కలు ఇంకా ఒకటే. లింగవ్వ తన పట్టీని మా గుమ్మంలో విప్పి చీరకొంగులో మూటకట్టి లోపలికి వస్తోంది. మాట్లాడుతున్నంతసేపు ఆమె చెయ్యి ముడి దగ్గరే ఉంటుంది. కేంద్రానికి రావే అన్నాను. "నాకేమైంది వదినె!" అంది. నేను లెక్కపెట్టలేదు. అంటే, పదిహేను వరకు లెక్కపెట్టి ఆపాను.


ఆగస్టు 2, శుక్రవారం

బియ్యం ఆరు. చెవి ఊడదీయడం ఒకటి, రాలిన సున్నం ఊడవడం ఒకటి. దాని వెనక గోడకు మసి లేదు, గుండ్రంగా తెల్లగా ఉంది. తుడవడానికి ఏమీ లేని చోటు ఇంట్లో అదొక్కటే.

అరవై రోజులు నిండాయి. చుక్క ఒకటి. సూపరింటెండెంటు గారు ప్రశంసాపత్రం ఇచ్చాడు, కేంద్రం విజయమట. ఆరో దిగుడు నుంచి తెచ్చినవాడిని వెనక్కి పంపారు. సోమవారం నుంచి ఓదెలుకు రెండో నంబరు ఫ్యాను. వారానికోసారి సభకు ఇంకా పోవాలి, ఎన్నాళ్ళో చెప్పలేదు. అడిగితే హిమజ, "మీరు బియ్యం కొలిచినన్నాళ్ళు" అంది. ఆ పిల్లకు కాస్త నోరు వస్తోంది.


ఆగస్టు 6, మంగళవారం

బియ్యం ఆరు గిద్దలు. నీళ్ళు నాలుగు. జల్లెడ ఒకటి. బట్టలు తొమ్మిది. గోడల మసి రెండు, మిగతా రెండు రేపు. టిఫిన్ డబ్బా ఒకటి, ఫ్యాను దగ్గరికి.

పొద్దున ఓదెలు చెప్పులు వేసుకుని, పోకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"పోవేందయ్యా? ఫ్యాను నీ కోసం ఆగుతదా?"

"ఇని పోత."

గిద్ద ముంచాను. కుడిచేత్తోనే. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. వినడానికి బోడిగా ఉంది, ఎవరి ఇంటి బియ్యమో కొలిచినట్టు. కాని ఓదెలు చెయ్యి తొడ పక్కన కదలకుండా ఉంది, నేను చూశాను. టిఫిన్ డబ్బా తీసుకుని పోయాడు.

కాసేపటికి జల్లెడలోంచి గాలి వచ్చింది. చివరి వాడ వరకు పోయే గాలి. పన్నెండు గంటలు చెవి పెట్టి విన్నాను, బెల్టు ఒక్కసారి కూడా జారలేదు.

ఈ ఇంట్లో తప్పులు: ఆయనవి ఒకటి, నావి తొమ్మిది.

ఓదెలుకు బాకీ: ఇరవై రెండు. ముట్టినవి: ఇరవై రెండు. చెల్లు.